బహుదశా కాలసూచిక యాప్ నిర్మాణం – తెలుగు కాలబోధక వాక్యాలు: అనంతపురం రాగి అంబలి ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంట్లో బీరు కాచుకొనేవారు వాడే బహుదశా టైమర్ యాప్‌లో ప్రతి దశకూ నిశ్చితమైన వ్యవధి ఉంటుంది. రాగులను మొలకెత్తించి పిండి చేయడం, పిండిని పులియబెట్టి అంబలి కాచడం బీరు తయారీకి దగ్గరి ప్రక్రియలే. అయితే ఇంటి ఆడవారి మాటల్లో ఈ దశలు ఎక్కువగా గంటలతో కాక గుర్తులతో ముగుస్తాయి. "పులిసేదాకా", "తెల్లారేసరికి", "పొంగు రాగానే", "దించబోయే ముందు" వంటి తెలుగు నిర్మాణాలను వర్గీకరించి, ఒక్కొక్క వర్గానికి యాప్‌లో ఏ ఏర్పాటు అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనంతపురం పీఠభూమి ఉష్ణోగ్రతల్లో వ్యవధిని మాత్రమే నమ్ముకొన్న టైమర్ ఎందుకు పొరబడుతుందో, దానిని ఎలా సరిదిద్దవచ్చో ఇందులో చర్చించడమైంది.

కీలక పదాలు: రాగి అంబలి, మొలకపిండి, కాలబోధక నిర్మాణాలు, అసమాపక క్రియలు, టైమర్ యాప్, అనంతపురం

1. ఉపోద్ఘాతం

బీరు తయారీ కాలక్రమం మీద ఆధారపడిన పని. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగగొట్టి వేడినీళ్ళలో కొంతసేపు ఒక ఉష్ణోగ్రత వద్ద, మరికొంతసేపు ఇంకొక ఉష్ణోగ్రత వద్ద ఉంచుతారు. వడకట్టిన తీపిద్రవాన్ని సాధారణంగా గంటసేపు మరిగిస్తూ, నిర్ణీత సమయాలలో హాప్స్ పూలను వేస్తారు. చల్లార్చిన తర్వాత ఈస్ట్ కలిపి రోజుల తరబడి పులియనిస్తారు. బ్రిటన్‌లో 1963 నుంచి, అమెరికాలో సమాఖ్య స్థాయిలో 1978 నాటి చట్టసవరణ తర్వాత, సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడం సులభమైంది. ఆ అభిరుచి ఉన్నవారి అవసరం కోసం వచ్చిన చిన్న పరికరమే బహుదశా టైమర్. ఒక దశ ముగియగానే హెచ్చరించి, తర్వాతి దశను దానంతటదే మొదలుపెట్టడం దాని పని.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మత్తుపానీయాలు రాష్ట్ర జాబితాలోని విషయం. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద అనుమతి లేకుండా మత్తుపానీయం తయారు చేయడం నేరం. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ముడిపడిన సారా వ్యతిరేకోద్యమం, దాని ఫలితంగా 1993 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సారా నిషేధం, 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు ఈ ప్రాంతపు సామాజిక చరిత్రలో భాగాలు. అందువల్ల ఇంటి బీరుకు తెలుగు యాప్ అనే ఆలోచనకు ఇక్కడ చట్టపరమైన ఆధారం లేదు.

అయినా ఆ పరికరం వెనుక ఉన్న సమస్య ఇక్కడ లేకపోలేదు. ధాన్యాన్ని మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం, కాచడం అనే మూడు పనులూ అనంతపురం ప్రాంతపు వంటింట్లో రాగి చుట్టూ ఉన్నాయి. మత్తుపానీయం దాకా వెళ్ళకుండా, అదే కాలక్రమ సమస్యను పరిశీలించడానికి రాగి అంబలి తగిన ఉదాహరణ.

2. బార్లీ, రాగి: ప్రక్రియల సామ్యం

రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల నుంచి భారతదేశానికి వచ్చిన పంట. ఉగాండా మొదలైన చోట్ల దీని మొలకపిండితో చిక్కటి బీరు చేస్తారు. తూర్పు నేపాల్, సిక్కిం ప్రాంతాలలో తోంగ్బాకు మూలధాన్యం ఇదే. దక్షిణ దక్కనులో మాత్రం రాగి ప్రధానంగా సంగటి, అంబలి, మొలకపిండి రూపాలలో వాడుకలో ఉంది. కర్ణాటకను ఆనుకొని ఉన్న మడకశిర, హిందూపురం ప్రాంతాలలో రాగి పాత పంట. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఈ రెండు ప్రాంతాలూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షం మాత్రమే పడే ఈ పీఠభూమిలో ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ వేరుశనగ విస్తరించి చిరుధాన్యాల స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో రాగి మీద ఆసక్తి తిరిగి పెరిగింది.

మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైములు తయారై పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. బార్లీ నుంచి బీరుకు కావలసిన తీపి పుట్టేది దీనివల్లనే. రాగి మొలకపిండితో కాచిన జావ, మామూలు పిండితో కాచిన జావకన్నా పలుచగా ఉండడానికీ కారణం ఇదే. పసిపిల్లలకు మొలకపిండి జావ పట్టే అలవాటుకు ఈ గుణమే ఆధారం. జావ పలుచగా ఉంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి ఇమిడి, బిడ్డకు ఎక్కువ శక్తి అందుతుంది.

పులియడంలోనూ ఇలాంటి సామ్యమే ఉంది. బీరులో ప్రధానంగా పనిచేసేది ఈస్ట్. అది చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. రాత్రి నీళ్ళలో కలిపి ఉంచిన రాగి పిండిలో ప్రధానంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు. పులుపు వాటివల్ల వస్తుంది. ప్రక్రియ వేరైనా పనిచేసే మనిషి ఎదుర్కొనే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇప్పుడు చాలా, ఇంకా ఉంచాలా?

3. కాలబోధక వాక్యాల వర్గీకరణ

తెలుగులో వంట చెప్పే వాక్యాలు కాలాన్ని ఒకే తీరులో సూచించవు. సంప్రదాయ వ్యాకరణం క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, ఆనంతర్యార్థకం అని పేర్లు పెట్టిన అసమాపక క్రియలు, వాటితోపాటు దాకా, లోపు, సరికి మొదలైన పదాలు కలిసి సూక్ష్మమైన భేదాలను తెలుపుతాయి. అంబలి, మొలకపిండి తయారీకి అవసరమైన నిర్మాణాలను ఈ కింది విధంగా వర్గీకరించవచ్చు.

అ) వ్యవధి: "పావుగంటసేపు సన్నసెగ మీద ఉడకనివ్వాలి." ఇక్కడ కాలపరిమాణమే దశను ముగిస్తుంది. సాధారణ టైమర్‌కు తెలిసిన వాక్యం ఇదొక్కటే.

ఆ) అవధి: "మొలక తెల్లగా కనిపించేదాకా మూట విప్పకూడదు." దశను ముగించేది గంటలు కావు, ఒక గుర్తు. ఆ గుర్తును కన్ను, ముక్కు, వేలు, నాలుక పట్టుకొంటాయి.

ఇ) అంచనా: "తెల్లారేసరికి పిండి పులుస్తుంది." ఇది ఆజ్ఞ కాదు, గడువూ కాదు. ఫలానా వేళకు ఫలానా స్థితి ఉంటుందన్న అనుభవపూర్వకమైన ఊహ. "తెల్లారేసరికి" అనే మాటకూ "తెల్లారేదాకా" అనే మాటకూ ఉన్న తేడా ఇక్కడ ముఖ్యం. మొదటిది చూడవలసిన వేళను చెబుతుంది, రెండవది ఆగవలసిన హద్దును చెబుతుంది.

ఈ) ఆనంతర్యం: "పొంగు రాగానే సెగ తగ్గించాలి", "చల్లారాక మజ్జిగ కలపాలి." రెండూ ఒక పని తర్వాత మరొక పనినే చెబుతున్నా "రాగానే" అన్నప్పుడు ఆలస్యానికి తావు లేదు. "చల్లారాక" అన్నప్పుడు అరగంట ఆలస్యమైనా నష్టం లేదు.

ఉ) గడువు: "ఎండ ముదిరేలోపు ఆరబోయాలి." పని ఎప్పుడు మొదలైనా ఫలానా హద్దుకు ముందే పూర్తి కావాలి.

ఊ) వెనుకలెక్క: "దించడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా ఉప్పు వేయాలి." కాలాన్ని మొదటి నుంచి కాక చివరి నుంచి లెక్కించే వాక్యం. బీరు మరిగించేటప్పుడు హాప్స్ వేసే లెక్క అచ్చంగా ఇదే. అక్కడ పదిహేను నిమిషాల హాప్స్ అంటే మరగడం మొదలైన పదిహేను నిమిషాలకు వేసేవి కావు, మరగడం ముగియడానికి ఇంకా పదిహేను నిమిషాలు ఉందనగా వేసేవి. కొత్తవారు తరచు తికమకపడే ఈ విషయాన్ని తెలుగులోని "ఉందనగా" ఒక్క మాటలో తేటపరుస్తుంది.

ఋ) ఆవృత్తి: "మధ్యమధ్య మూట మీద నీళ్ళు చల్లాలి", "పూటకోసారి తడపాలి." ఒక దశ లోపల మళ్ళీమళ్ళీ జరిగే చిన్న పని.

వీటికితోడు "కలుపుతూ పోయాలి" వంటి శత్రర్థకం రెండు పనులు ఏకకాలంలో జరగాలని, "పులుపు ఎక్కువైతే నీళ్ళు చేర్చాలి" వంటి చేదర్థకం అవసరమైతేనే పట్టవలసిన దారిని చెబుతాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. వృత్తి పనుల పరిభాషను శాస్త్రీయంగా సేకరించవచ్చని ఆ కృషి నిరూపించింది. పనిముట్ల పేర్లు, పనుల పేర్లు సేకరించినట్లే, పని ఎప్పుడు ఆపాలో చెప్పే వాక్యాలనూ సేకరించవలసిన అవసరం ఉంది. పదకోశంలో "పులియు" అనే క్రియ దొరుకుతుంది. పులిసిందని ఎలా గుర్తించాలో చెప్పే వాక్యం మాత్రం వండేవారి నోట మాత్రమే దొరుకుతుంది.

4. గడియ లెక్క

బహుదశా టైమర్ పూర్తిగా కొత్త ఆలోచన కాదు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటి తొట్టిలో తేలవిడిస్తే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అంటే 24 నిమిషాలు. మునిగిన గిన్నెను తీసి, గంట కొట్టి, మళ్ళీ తేలవిడిచేవారు. 60 గడియలు ఒక దినం, రెండు గడియలు ఒక ముహూర్తం, ఏడున్నర గడియలు ఒక జాము. గడియలో అరవయ్యో వంతు విగడియ, అంటే 24 సెకన్లు. "గడియారం" అనే మాటలో ఆ గడియ ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆ నీటిగడియారంలో గమనించదగిన విషయం ఒకటుంది. గిన్నె మునిగిందని చెప్పడానికి, మళ్ళీ తేలవిడవడానికి మనిషి పక్కనే ఉండాలి. అంటే పరికరం వ్యవధిని కొలుస్తుంది, తర్వాతి దశను మనిషి మొదలుపెడతాడు. అంబలి యాప్‌కు కావలసిన పనివిభజన దాదాపు ఇదే.

5. యాప్ నిర్మాణం

5.1 దశల జాబితా

యాప్‌కు కేంద్రం ఒక జాబితా. జాబితాలోని ఒక్కొక్క దశకు అయిదు వివరాలు చాలు: పేరు, వర్గం, కాలపరిమాణం, చూడవలసిన గుర్తు, వినిపించవలసిన మాట. వర్గం అంటే పై విభాగంలో చెప్పిన ఏడింటిలో ఒకటి. మామూలు టైమర్‌లో వర్గం అనే గడి ఉండదు. అన్ని దశలనూ వ్యవధిగానే భావించడం వల్ల అక్కడ దాని అవసరం కనిపించదు.

ఏ క్షణంలోనైనా ఒక దశ ఈ నాలుగు స్థితులలో ఒకదానిలో ఉంటుంది: మొదలుకానిది, నడుస్తున్నది, పరీక్షకు వచ్చినది, ముగిసినది. వ్యవధి దశ "నడుస్తున్నది" నుంచి నేరుగా "ముగిసినది"కి వెళుతుంది. అవధి దశ మాత్రం తప్పనిసరిగా "పరీక్షకు వచ్చినది" అనే స్థితిలో ఆగుతుంది. అప్పుడు తెర మీద "పులిసింది", "ఇంకా పులియలేదు" అనే రెండు మీటలు కనిపిస్తాయి. రెండవది నొక్కితే మరికొంత కాలానికి మళ్ళీ పరీక్షకు పిలుస్తుంది. మొదటిది నొక్కితేనే తర్వాతి దశ మొదలవుతుంది.

5.2 మిగిలిన కాలాన్ని లెక్కించడం

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకొనేవారు టైమర్ రాసేటప్పుడు ఒక సంఖ్యను తీసుకొని సెకనుకొకసారి ఒకటి తగ్గిస్తారు. 12 గంటల నానబెట్టే దశకు ఆ సంఖ్య 43,200. ఈ పద్ధతి యాప్ తెర మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది. తెర ఆరిన తర్వాత ఫోను నిద్రలోకి వెళితే తగ్గింపు ఆగిపోతుంది. 12 గంటల దశ 15 గంటలు నడిచినా యాప్‌కు తెలియదు.

సరైన పద్ధతి దశ మొదలైనప్పుడే అది ముగిసే క్షణాన్ని లెక్కించి భద్రపరచడం. కంప్యూటర్ వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు లేదా మిల్లీసెకన్లుగా గుర్తుంచుకొంటాయి. కాబట్టి ముగింపు క్షణం ఒకే ఒక్క సంఖ్య. తెర వెలిగినప్పుడల్లా ఈ చిన్న లెక్క చేస్తే చాలు:

మిగిలిన కాలం = ముగింపు క్షణం − ప్రస్తుత క్షణం

ఫలితం సున్నా లేదా అంతకన్నా తక్కువైతే దశ గడిచిపోయినట్టు. ఎంత గడిచిపోయిందో కూడా అదే సంఖ్య చెబుతుంది. "పరీక్ష వేళ దాటి 40 నిమిషాలైంది" అని తెలపడం అంబలి కాచేవారికి అవసరమైన సమాచారం.

తర్వాతి దశల వేళలను ముందే స్థిరపరచడం పొరపాటు. మొదటి దశ శనివారం ఉదయం 8 గంటలకు ముగియాలని లెక్క ఉన్నా, మూట కట్టేసరికి 8 గంటల 20 నిమిషాలు కావచ్చు. రెండవ దశ లెక్క 8 గంటల 20 నిమిషాల నుంచే మొదలుకావాలి. ముందున్న పథకాన్ని అంచనాగా చూపి, అసలు వేళను మీట నొక్కిన క్షణం నుంచి తీసుకోవాలి.

5.3 ఫోను నిద్ర, పునఃప్రారంభం

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా పెట్టిన ఫోను బ్యాటరీ ఆదా కోసం గాఢనిద్రలోకి వెళుతుంది. ఆ స్థితిలో సాధారణ అలారాలు వాయిదా పడతాయి. కాబట్టి హెచ్చరిక పనిని యాప్ తన చేతిలో ఉంచుకోక, నిద్రలోనూ మోగే అలారంగా ఫోను వ్యవస్థకు అప్పగించాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన అలారానికి ప్రత్యేక అనుమతి, ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపడానికి వినియోగదారు అనుమతి అవసరం. ఈ అనుమతులు ఎందుకో తెలుగులో ఒక వాక్యంలో చెప్పకపోతే చాలామంది నిరాకరిస్తారు; అప్పుడు యాప్ ఉన్నా మోగదు.

ఫోను ఆగి మళ్ళీ మొదలైతే పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి. రెండు రోజులు పట్టే మొలక దశలో చార్జింగ్ అయిపోవడం అరుదేమీ కాదు. ముగింపు క్షణాన్ని భద్రపరచి ఉంటే, ఫోను లేచిన వెంటనే యాప్ ఆ సంఖ్యను చదివి అలారాన్ని మళ్ళీ పెట్టగలదు. గడిచిపోయిన పరీక్ష ఉంటే వెంటనే తెలపగలదు. ఈ పనికి ఇంటర్నెట్ అవసరం లేదు.

5.4 హెచ్చరికల స్థాయి

"రాగానే", "చల్లారాక" అనే భేదం ఇక్కడ ఉపయోగపడుతుంది. మొదటి రకం వాక్యాలకు గట్టిగా, ఆపేదాకా మోగే ధ్వని కావాలి. రెండవ రకానికి తెర మీద నిశ్శబ్దంగా నిలిచే సూచన చాలు. అన్నింటికీ ఒకే మోత పెడితే వినియోగదారు రెండు రోజుల్లో విసిగి మోతనే ఆపేస్తారు.

చేతులు తడిగా, పిండిగా ఉండే పని కాబట్టి హెచ్చరికను తెలుగు మాటగా వినిపించడం మేలు. చదవడం రానివారికీ అది ఉపయోగపడుతుంది. నిద్రవేళలు కూడా యాప్‌కు తెలిసి ఉండాలి. పరీక్ష వేళ రాత్రి రెండు గంటలకు పడితే దానిని తెల్లవారుజాముకు జరపవచ్చు. అయితే అది అంచనాకు సంబంధించిన దశకే వర్తించాలి. పొయ్యి మీద ఉన్న దశను ఎన్నడూ జరపకూడదు.

5.5 తెర మీది తెలుగు

యాప్‌లను తెలుగులోకి తెచ్చేటప్పుడు సంఖ్య, ప్రమాణం, క్రియ అనే మూడు ముక్కలను అతికించడం వల్ల తప్పులు వస్తాయి. యూనికోడ్ కన్సార్టియం నిర్వహించే భాషాదత్తాంశంలో తెలుగుకు రెండు వచన విభాగాలున్నాయి. "1 నిమిషం", "5 నిమిషాలు" అనే భేదానికి అవి సరిపోతాయి. కాని తెలుగులో విభక్తి కూడా ఉంది. "5 నిమిషాలు ఉంది", "5 నిమిషాల తర్వాత", "5 నిమిషాలకు ఒకసారి" అనే మూడు చోట్ల మూడు రూపాలు వస్తాయి. ముక్కలు అతికించే పద్ధతిలో "5 నిమిషాలు తర్వాత" అనే వాక్యం పుడుతుంది. దీనికి పరిష్కారం ఒక్కటే: ప్రతి వర్గానికీ పూర్తి వాక్యాన్ని ఏకవచన, బహువచన రూపాలలో విడిగా రాసిపెట్టుకోవాలి. వర్గాలు ఏడే కాబట్టి ఇది పెద్ద పని కాదు.

"1 గంట 30 నిమిషాలు" అనడం తప్పు కాకపోయినా మాటగా వినిపించేటప్పుడు "గంటన్నర" సహజం. పావుగంట, అరగంట, ముప్పావుగంట అనే మాటలకూ ఇది వర్తిస్తుంది. "రేపు పొద్దున" అనే మాట విషయంలో జాగ్రత్త అవసరం. అర్ధరాత్రి దాటిన తర్వాత కూడా మేలుకొని ఉన్న మనిషి రాబోయే ఉదయాన్ని "రేపు" అనే అంటాడు. ఫోను మాత్రం 12 గంటలకే తేదీ మార్చి దానిని "నేడు" అంటుంది. దినం సూర్యోదయంతో మొదలవుతుందన్న భావన తెలుగువారి వాడుకలో ఉంది. ఇలాంటి చోట "ఆదివారం ఉదయం 5 గంటలకు" అని వారం పేరుతో చెప్పడం క్షేమం.

6. ఉష్ణోగ్రత – వ్యవధి

బీరు కాచేవారు వ్యవధిని నమ్మగలగడానికి కారణం వారు ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడమే. నలగగొట్టిన ధాన్యాన్ని సుమారు 63 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని 72 డిగ్రీల వద్ద గాని నిలిపి ఉంచినప్పుడే "అరగంట" అనే మాటకు స్థిరమైన అర్థం ఉంటుంది. అంబలి పులిసే కుండకు అలాంటి అదుపు లేదు. అనంతపురంలో మే నెల పగళ్ళు కొన్నిసార్లు 40 డిగ్రీలు దాటుతాయి. డిసెంబరు, జనవరి రాత్రులు 20 డిగ్రీలకు దిగువకు వెళతాయి. ఒకే కుండ, ఒకే పిండి అయినా పులిసే కాలం ఒకటే కాదు.

జీవరసాయన చర్యల వేగం పరిమితమైన మేరలో ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలమైన నియమం. 25 డిగ్రీల వద్ద పిండి పులియడానికి 10 గంటలు పడుతుందని అనుకొంటే, ఈ నియమం ప్రకారం 20 డిగ్రీల వద్ద సుమారు 14 గంటలు, 30 వద్ద సుమారు 7 గంటలు, 35 వద్ద 5 గంటలు పడుతుంది. అంటే చలికాలంలో సరిగ్గా పనిచేసిన టైమర్ వేసవిలో పుల్లగా మారిన పిండి ముందు మోగుతుంది. ఆ పిండిలో నీళ్ళు పోసి సరిదిద్దుకోవచ్చు గాని, చెడువాసన వచ్చినా బూజు పట్టినా పారబోయక తప్పదు. కరవు ప్రాంతంలో ధాన్యం పారబోయడం చిన్న విషయం కాదు.

ఈ లెక్కను యాప్‌లో చేర్చవచ్చు. వినియోగదారు "చలి", "మామూలు", "ఎండ" అనే మూడింటిలో ఒకటి ఎంచుకొంటే సరిపోతుంది, ఉష్ణమాపకం అక్కరలేదు. అయితే ఆ లెక్క నిర్ణయించేది మొదటి పరీక్ష వేళను మాత్రమే, దశ ముగింపును కాదు. పైన చెప్పిన వర్గీకరణలో "తెల్లారేసరికి పులుస్తుంది" అన్నది అంచనా, "పులిసేదాకా పొయ్యి మీద పెట్టకూడదు" అన్నది అవధి. సూత్రం మొదటి వాక్యానికి సహాయపడుతుంది. రెండవ వాక్యం వండేవారి అధీనంలోనే ఉండాలి.

7. నమూనా అన్వయం

పై అంశాలను ఒక సాధారణ పద్ధతికి అన్వయించి చూడవచ్చు. ఇళ్ళను బట్టి కొలతలు, క్రమం మారుతాయి.

మొలకపిండి: శుక్రవారం రాత్రి 8 గంటలకు కడిగిన రాగులను నానబెడతారు. వ్యవధి 12 గంటలు. శనివారం ఉదయం 8 గంటలకు యాప్ మోగుతుంది. నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూట కట్టి, 8 గంటల 20 నిమిషాలకు మీట నొక్కుతారు. మొలక దశ అవధి వర్గానికి చెందినది; దానికి తోడు పూటకోసారి నీళ్ళు చల్లమనే ఆవృత్తి. 18 గంటల అంచనాతో మొదటి పరీక్ష రాత్రి 2 గంటల 20 నిమిషాలకు పడుతుంది. నిద్రవేళ కాబట్టి యాప్ దానిని ఆదివారం ఉదయం 5 గంటలకు జరుపుతుంది. మొలక చాలకపోతే "ఇంకా రాలేదు" అని నొక్కుతారు. 6 గంటల తర్వాత, అంటే 11 గంటలకు, మళ్ళీ పిలుస్తుంది. మొలక వచ్చాక ఆరబెట్టడం, దోరగా వేయించడం, నలిపి వేళ్ళు విదల్చడం, విసరడం వరుసగా జరుగుతాయి. ఆరడమూ వేగడమూ గుర్తులతో ముగిసేవే: గింజ గలగలలాడేదాకా, కమ్మటి వాసన వచ్చేదాకా.

అంబలి: రాత్రి 9 గంటలకు పిండిని నీళ్ళలో కలిపి మూతపెడతారు. "ఎండ" ఎంచుకొంటే మొదటి పరీక్ష తెల్లవారుజాము 4 గంటల ప్రాంతంలో, "మామూలు" ఎంచుకొంటే ఉదయం 7 గంటలకు పడుతుంది. 4 గంటలకు పడిన పరీక్ష కూడా నిద్రవేళ నియమం ప్రకారం 5 గంటలకు జరుగుతుంది. ఎండకాలంలో ఈ గంట ఆలస్యం పులుపును పెంచుతుంది. అందువల్ల యాప్ పరీక్షను జరపడంతో ఆగక, "పిండిని 10 గంటలకు కలిపితే మేలు" అని ముందే సూచించాలి. పొద్దున్నే పొలానికి వెళ్ళేలోపు అంబలి సిద్ధం కావాలన్న గడువు ఉంటే, యాప్ ఆ గడువు నుంచి వెనక్కు లెక్కించి పిండి కలపవలసిన వేళను చెప్పగలదు. పులిసిందని నొక్కిన తర్వాత నీళ్ళు మరగడం, పులిసిన పిండిని కలుపుతూ పోయడం, పొంగు రాగానే సెగ తగ్గించడం, పావుగంట ఉడకనివ్వడం, దించడానికి అయిదు నిమిషాలు ఉందనగా ఉప్పు వేయడం, చల్లారాక మజ్జిగ కలపడం క్రమంగా వస్తాయి. ఈ ఒక్క వంటలో ఏడు వర్గాలలో ఆరు కనిపిస్తాయి. వీటిలో గడియారం సొంతంగా ముగించగలిగింది పావుగంట ఉడికే దశ ఒక్కటే. ఉప్పు వేళ కూడా దాని నుంచి లెక్కించేదే.

8. చర్చ

ఇలాంటి యాప్‌ను వ్యవధి దశలతోనే నిర్మించడం సులభం. ఒక పెద్దావిడ చెప్పిన వాక్యాలను విని, ప్రతి "దాకా"ను ఒక సంఖ్యగా మార్చి జాబితాలో పెట్టవచ్చు. అప్పుడు యాప్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కాని ఆ మార్పులో గుర్తు పోతుంది. యాప్‌తో మొదటిసారి అంబలి నేర్చుకొనే యువతికి 10 గంటలు అనే సంఖ్య అందుతుంది గాని, వేలు ముంచి చూడాలని, పైకి తేలిన నీటి వాసనను బట్టి చెప్పవచ్చని అందదు. పెద్దావిడ జ్ఞానం గంటల్లో లేదు. ఎండను బట్టి, కుండను బట్టి, పిండి పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి గంటలను సవరించుకొనే నేర్పులో ఉంది. ఆ నేర్పును భాష "దాకా" అనే మాటలో భద్రపరచింది.

సేకరణ చేసే పరిశోధకులకూ ఇది వర్తిస్తుంది. "ఎంతసేపు పులియబెడతారు?" అని అడిగితే సంఖ్యే జవాబుగా వస్తుంది. "పులిసిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగితే గుర్తు వస్తుంది. ప్రశ్నావళిలో ఈ రెండవ ప్రశ్న లేకపోతే సేకరించిన పద్ధతి ఆ ఋతువుకే పరిమితమవుతుంది.

ఈ నమూనాకు పరిమితులు కూడా ఉన్నాయి. గుర్తును మాటల్లో చెప్పినా అనుభవం లేనివారు దానిని పట్టుకోలేకపోవచ్చు. బియ్యపు నూకతో, గంజితో, నిన్నటి అంబలి కొంత మిగిల్చి తోడుగా వేసి చేసే పద్ధతులు వేరు. తోడు వేసినప్పుడు పులిసే కాలం ఇంకా తగ్గుతుంది. మీట నొక్కడం మరచిపోతే తర్వాతి లెక్క తప్పుతుంది.

9. ముగింపు

బహుదశా టైమర్ సాంకేతికంగా చిన్న యాప్. దశల జాబితా, ముగింపు క్షణాన్ని భద్రపరచడం, అలారాన్ని ఫోను వ్యవస్థకు అప్పగించడం అనే మూడు పనులు తెలిస్తే డిగ్రీ స్థాయి విద్యార్థి దానిని నిర్మించగలడు. అందులో ప్రతి దశకూ "వర్గం" అనే ఒక్క గడిని చేర్చాలంటే మాత్రం తెలుగు వాక్యాన్ని విశ్లేషించగలిగినవారు కావాలి. తెలుగు శాఖ విద్యార్థి వాక్యాలను సేకరించి వర్గీకరిస్తే, కంప్యూటర్ విద్యార్థి వాటిని దశలుగా మార్చగలడు. ఇడ్లీపిండి, సద్దన్నం, పెరుగుతోడు, ఊరగాయ, గుర్తులతో ముగిసే పనులన్నీ ఈ పద్ధతిలో పరిశీలించదగినవే. యాప్ మోగినప్పుడు తెర మీద "అయిపోయింది" అని కాక "పులిసిందేమో చూడండి" అని ఉండాలన్నది ఈ పరిశీలన తేల్చిన ఆచరణయోగ్యమైన సూచన.